పింగాణీ మీద అమరులు

చైనా రంగుల పింగాణీ రెండుసార్లు నిప్పు చూసిన వస్తువు. తెల్లమట్టి, పింగాణీ రాయి పొడి కలిపి చేసిన పాత్రకు మెరుపుపూత పూసి, దాదాపు 1300 డిగ్రీల వేడిలో ఒకసారి కాలుస్తారు. గట్టిపడి, తెల్లగా బయటికి వచ్చిన ఆ పాత్ర మీద ఎనామెల్ రంగులతో బొమ్మ వేసి, 700 నుంచి 850 డిగ్రీల మధ్య చిన్న బట్టీలో మళ్లీ కాలుస్తారు. ఆ రంగులు నిజానికి సీసం కలిసిన గాజు పొడి. రాగి కలిపితే ఆకుపచ్చ, ఇనుము కలిపితే పసుపు లేదా ఇటుక ఎరుపు, మాంగనీసు కలిపితే వంకాయ రంగు వస్తాయి. మొదటి కాల్పు వేడిని తట్టుకుని నిలిచేవి కోబాల్ట్ నీలం వంటి ఒకటి రెండు రంగులే. మిగతావన్నీ రెండో కాల్పు కోసం ఆగాల్సినవే. 16వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి దాకా ఈ రెండో కాల్పు రంగులతో చైనా చిత్రకారులు ఎక్కువగా గీసిన బొమ్మల్లో పెద్ద వాటా తావో మతానిది: పీచు పండ్లు, కొంగలు, జింకలు, పొడవాటి నుదురున్న ముసలివాడు, సముద్రం దాటుతున్న ఎనమండుగురు అమరులు.

ఈ పనికి కేంద్రం జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్. సోంగ్ వంశపు జెన్‌జోంగ్ చక్రవర్తి జింగ్‌దె శకంలో, అంటే 1004-1007 మధ్య, ఈ ఊరికి ఆ శకం పేరే స్థిరపడింది. ఆ చక్రవర్తి తావో భక్తుడు కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గ సంగతి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జెస్యూట్ మతప్రచారకుడు దాంత్రకోల్ 1712లోనూ 1722లోనూ ఈ ఊరి గురించి రాసిన ఉత్తరాల్లో పని తీరంతా వివరించాడు. ఒక్క పాత్ర డెబ్బై మంది చేతులు మారుతుందని, బొమ్మ గీసేవాడు ఒకడైతే రంగు నింపేవాడు ఇంకొకడని ఆయన రాశాడు. అమరుల బొమ్మలు వందల ఏళ్లపాటు ఒకే రకంగా ఎందుకు ఉండిపోయాయో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది. ముఖం ఒకరు, బట్టలు ఒకరు, కొండలు ఇంకొకరు వేసే చోట ఎవరి చేతిలో ఏ వస్తువు ఉండాలో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

తావో మతానికి లావోజీ, జ్వాంగ్‌జీ గ్రంథాలు మూలమంటారు. పింగాణీ మీద మాత్రం ఆ తత్వం కనిపించేది అరుదు. అక్కడ కనిపించేది దాని పక్కనే పెరిగిన ఇంకో పాయ: చావు లేకుండా బతకాలన్న కోరిక. కొండల్లో మూలికలు తిని, ఊపిరి అదుపు చేసి, పాదరసం, సింధూరం కరిగించి, చివరికి శరీరంతోనే అమరులైనవాళ్లు ఉన్నారన్న నమ్మకం చైనాలో చాలా పాతది. తూర్పు సముద్రంలోని పెంగ్‌లాయ్ ద్వీపంలో వాళ్లుంటారని నమ్మి, క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే చిన్ చక్రవర్తి ఓడల మీద మనుషులను పంపాడు. పడమట కున్‌లున్ పర్వతం మీద వాళ్ల రాణి ఉంటుంది. కొంగ వాళ్ల వాహనం. జింక లింగ్‌జీ అనే పుట్టగొడుగును వాసన పట్టి వెతికిపెడుతుంది. శీతాకాలంలోనూ పచ్చగా ఉండే పైన్ చెట్టు వాళ్ల నీడ. పింగాణీ చిత్రకారుడికి ఈ సరంజామా చాలు.

దాన్ని పాత్రల మీద కుప్పపోసినవాడు మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తి. 1522 నుంచి 1566 వరకు లెక్కించే ఆయన పాలనలో తావో పూజారులు మంత్రుల కంటే దగ్గరివాళ్లయ్యారు. తావో దేవతలకు సమర్పించే ప్రార్థనా పత్రాలు అందంగా రాయగలిగినవాళ్లకు పదవులు దక్కాయి. ఆయుష్షు పెంచే మందుల తయారీ కోసం అంతఃపురంలోని ఆడపిల్లలను హింసించారు. 1542లో ఒక రాత్రి కొందరు పరిచారికలు నిద్రలో ఉన్న చక్రవర్తి మెడకు తాడు బిగించి చంపబోయారు. ముడి సరిగా బిగుసుకోక ఆయన బతికాడు, వాళ్లను చిత్రవధ చేశారు. ఆ తర్వాత ఆయన అసలు రాజభవనం వదిలి పడమటి ఉద్యానవనంలో కాపురం పెట్టి, మిగిలిన జీవితమంతా పూజలతో, మందులతో గడిపాడు.

ఆ పూజల బరువు జింగ్‌దెజెన్ మోసింది. వేదిక మీద వాడటానికి చిన్న తెల్ల గిన్నెలు చేసి, ఏ గిన్నెలో ఖర్జూరం కషాయం పోయాలో, ఏ గిన్నెలో అల్లం కషాయం పోయాలో లోపల రాసేవారు. పెద్ద పాత్రల మీద మేఘాల మధ్య ఎగిరే కొంగలు, వాటి మధ్య ఎనిమిది త్రిరేఖలు వచ్చాయి. విరిగిన గీతలు, విరగని గీతలు మూడేసి చొప్పున పేర్చిన ఈ గుర్తులే ప్రకృతిలోని మార్పులన్నిటికీ మూలమని నమ్మకం. కొన్ని పాత్రల మీద పైన్ చెట్టు కాండాన్ని మెలికలు తిప్పి, అది ‘దీర్ఘాయువు’ అనే అక్షరంలా కనిపించేటట్టు గీశారు. అమరులు మందు దాచుకునేది సొరకాయ బుర్రలో. అందుకే సొరకాయ ఆకారపు జాడీలకు గిరాకీ పెరిగింది. పైభాగం గుండ్రంగా, కిందిభాగం నలుచదరంగా చేసిన జాడీలూ ఉన్నాయి. ఆకాశం గుండ్రం, భూమి చతురస్రం అన్న పాత భావనకు అది మట్టిలో రూపం.

రాజు కోరినంత సరుకు ప్రభుత్వ బట్టీలు అందించలేకపోయాయి. ఆర్డరు ప్రభుత్వానిది, కాల్పు ప్రైవేటు బట్టీలది అనే ఏర్పాటు అప్పుడే బలపడింది. దాంతో రాజుగారి కొంగలు, త్రిరేఖలు ఊళ్లోని మామూలు పనివాళ్ల చేతికి వచ్చాయి. తర్వాతి కథ చూస్తే, జియాజింగ్ పిచ్చి వల్ల ఆయనకు ఒరిగింది లేదు గానీ పింగాణీ చిత్రకళకు మాత్రం పెద్ద బొమ్మల ఖజానా మిగిలింది.

ఈ కాలపు రంగుల పనిని ఊత్సాయ్ అంటారు, అయిదు రంగులని అర్థం. పూత కింద నీలం, దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, వంకాయ రంగులు, నల్లని గీతలు. జియాజింగ్ చేపల జాడీల్లో పసుపు మీద ఎరుపు వేసి నారింజ రంగు తెప్పించారు. నీటి మొక్కల మధ్య తిరిగే ఆ చేపలను చూసినవాళ్లకు జ్వాంగ్‌జీ గ్రంథంలో చేపల ఆనందం గురించి సాగే వాదం గుర్తుకొస్తుంది. పింగాణీ మీద తావో తత్వం తొంగిచూసే కొద్ది చోట్లలో ఇదొకటి.

జియాజింగ్ మనవడు వాన్‌లీ కాలంలో (1573-1620) సరుకు కోసం ఒత్తిడి ఇంకా పెరిగింది. డ్రాగన్ బొమ్మ ఉన్న భారీ తొట్లు ఎన్నిసార్లు కాల్చినా పగిలిపోతుంటే, రాజధాని నుంచి వచ్చిన అధికారి పనివాళ్లను కొరడాలతో కొట్టించాడు. 1599 ప్రాంతంలో తుంగ్ బిన్ అనే పనివాడు మండుతున్న బట్టీలోకి దూకాడని, మరునాడు తొట్టి చెక్కుచెదరకుండా బయటికి వచ్చిందని ఆ ఊరి కథ. అతనికి గుడి కట్టి, గాలికీ నిప్పుకూ అధిపతి అయిన అమరుడిగా కొలిచారు. ఇతరుల ఆయుష్షు కోసం అమరుల బొమ్మలు గీసిన ఊరు తన కోసం మొక్కుకున్నది తన పనివాళ్లలో ఒకడికే.

రంగుల పింగాణీ మీద అందరి కంటే ఎక్కువగా కనిపించేవాళ్లు ఎనమండుగురు అమరులు. వీళ్ల కథలు వేర్వేరు కాలాలవి. యువాన్ కాలపు నాటకాల్లో, గుడి గోడల మీద వాళ్లు గుంపుగా కనిపిస్తారు, కానీ పేర్ల జాబితా ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండేది. ఇప్పుడు తెలిసిన జాబితా మింగ్ కాలంలో స్థిరపడింది. చిత్రకారులు వాళ్లను గుర్తుపట్టించేది ముఖంతో కాదు, చేతిలోని వస్తువుతో.

పెద్దవాడు జోంగ్లీ చ్వాన్. బొజ్జ బయటపెట్టుకుని విసనకర్రతో ఉంటాడు. ఆయన శిష్యుడు లూ దోంగ్‌బిన్ వీపున కత్తి కట్టుకున్న పండితుడు. సత్రంలో చిరుధాన్యపు అన్నం ఉడికేలోపు కునుకు తీసి, కలలో పదవి, పెళ్లి, సంపద, పతనం అన్నీ చూసి, లేచేసరికి అన్నం ఇంకా ఉడకలేదని తెలిసి సంసారం వదిలాడని కథ. జాంగ్ గ్వోలావ్ తెల్ల గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చుంటాడు. పని అయ్యాక గాడిదను కాగితంలా మడిచి పెట్టెలో పెట్టుకుంటాడు. చేతిలో వెదురు గొట్టపు వాద్యం. ట్సావ్ గ్వోజియు సోంగ్ రాజుగారి బావమరిది. దర్బారు దుస్తుల్లో, చేతిలో చెక్క తాళాలతో కనిపిస్తాడు. హాన్ షియాంగ్‌జి వేణువు ఊదుతాడు. టాంగ్ కాలపు రచయిత హాన్ యూకు దగ్గరి బంధువని, కాలం కాని కాలంలో పూలు పూయించేవాడని చెబుతారు. లాన్ ట్సాయ్‌హె చేతిలో పూలబుట్ట ఉంటుంది. మగవాడో ఆడమనిషో తేల్చకుండా గీయడం సంప్రదాయం. తామరపువ్వు పట్టుకున్న హె షియెన్‌గూ ఒక్కతే నిక్కచ్చిగా స్త్రీ.

ఎనిమిదోవాడు లీ తియెగ్వాయ్. ఇనుప ఊతకర్ర, సొరకాయ బుర్ర, చెదిరిన జుట్టు, కుంటి కాలు. ఆయన మొదట అందగాడు. ఒకసారి ఆత్మను దూరప్రయాణానికి పంపుతూ, ఏడు రోజులు తన శరీరాన్ని కాపాడమని శిష్యుడికి చెప్పాడు. ఆరో రోజున తల్లికి జబ్బని కబురు రావడంతో శిష్యుడు శరీరాన్ని దహనం చేసి ఇంటికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చిన ఆత్మకు అప్పుడే చచ్చిన ఒక కుంటి బిచ్చగాడి శరీరం తప్ప వేరే దారి దొరకలేదు. పరకాయ ప్రవేశ కథలు విని పెరిగిన తెలుగు పాఠకులకు ఇందులో కొత్తేమీ ఉండకపోవచ్చు. కొత్తగా అనిపించేది ఆ శరీరంతోనే ఆయన శాశ్వతంగా ఉండిపోవడం, అందవికారమే ఆయన గుర్తు కావడం. పాత్రల మీద మిగతా ఏడుగురి కంటే ఆయన్ని గీసిన గీతల్లోనే చిత్రకారుడి సరదా ఎక్కువగా తెలుస్తుంది.

ఎనమండుగురినీ ఒక చోట చేర్చే సందర్భాలు ప్రధానంగా రెండు. ఒకటి సముద్రం దాటడం. మేఘాల మీద పోకుండా ఎవరి వస్తువును వాళ్లు నీళ్లలో వేసి దాని మీద తేలిపోతారు. గిన్నె చుట్టూ అలలు గీసి, ఒకరి వెనుక ఒకరిని నిలబెట్టడానికి ఈ సన్నివేశం చక్కగా కుదురుతుంది. మొదలూ చివరా లేకుండా ఊరేగింపు తిరుగుతూనే ఉంటుంది. రెండోది అమరుల రాణి షీవాంగ్‌మూ పుట్టినరోజు విందు. కున్‌లున్ మీద పచ్చల కొలను పక్కన ఆమె తోటలో మూడువేల ఏళ్లకోసారి పండే పీచు పండ్లు ఉంటాయి. అమరులు మేడ మీద నిలబడి పైకి చూస్తుంటే ఆమె పక్షి మీద దిగి వస్తుంది. ఒక ప్రాచీన గ్రంథంలో ఈ దేవతకు పులి కోరలు, చిరుత తోక ఉండేవి. హాన్ కాలానికే రాణిగా మారింది. పింగాణీ మీదికి వచ్చేసరికి కోరల జాడే లేదు.

ఆ విందు చుట్టూ ఇంకొందరు చేరారు. పీచు పండు దొంగిలించి పరిగెత్తే దోంగ్‌ఫాంగ్ షువో హాన్ వూ చక్రవర్తి ఆస్థానంలోని విదూషకుడు. పువ్వుల బుట్టతో, మధుపాత్రతో, పక్కన జింకతో వచ్చే మాగూ సముద్రం మల్బరీ తోటగా మారడం మూడుసార్లు చూశానన్న దేవకన్య. ఆడవాళ్ల పుట్టినరోజు కానుకల మీద ఆమెను వేసేవారు. మగవాళ్ల కానుకల మీద షౌలావ్‌ను వేసేవారు. ఉబ్బిన నున్నని నుదురు, తెల్లగడ్డం, ఒక చేతిలో మెలికల కర్ర, ఇంకో చేతిలో పీచు పండు ఉన్న ఈ ముసలివాడు నిజానికి ఒక నక్షత్రం. దక్షిణాకాశంలో మిలమిలలాడే కానొపస్‌కు చైనావాళ్లు ఇచ్చిన రూపమిది. భారతీయ సంప్రదాయంలో అదే నక్షత్రం అగస్త్యుడు. ఉత్తర చైనాలో దిగంతానికి ఆనుకుని కొద్దిసేపే కనిపిస్తుంది కాబట్టి, అది కనిపిస్తే దేశానికి శుభమని అక్కడ నమ్మారు. తెలుగునేల మీద ఆ నక్షత్రం అంతకంటే ఎత్తుకు వస్తుంది. ఇక్కడి నమ్మకం దాని ఉదయంతో వానాకాలపు నీళ్లు తేటపడతాయని.

మింగ్ వంశం పోయి మంచూల చింగ్ వంశం వచ్చాక, 1670ల తిరుగుబాట్లలో జింగ్‌దెజెన్ దెబ్బతింది. 1683లో కాంగ్‌షీ చక్రవర్తి జాంగ్ యింగ్‌షువాన్‌ను అక్కడికి పంపడంతో రాజ బట్టీలు మళ్లీ కుదుటపడ్డాయి. మెరుపుపూత మీద వేయగల నీలం ఎనామెల్ అప్పుడు వాడుకలోకి వచ్చింది. ఒకే కుంచెపనిలో అన్ని రంగులూ సాధ్యమయ్యాయి. ఆకుపచ్చ ఛాయలు ముందుకొచ్చాయి. కొండలు, చెట్లు, మబ్బులు, అలలు ఆకుపచ్చలో బాగా పలుకుతాయి కనుక కాంగ్‌షీ పాత్రల మీద అమరులు ప్రకృతి మధ్య తిరుగుతారు. పొడుగాటి గొట్టపు జాడీల మీద, పెద్ద పళ్లేల మీద పూర్తి కథా సన్నివేశాలు వచ్చాయి. వీటికి మూలం చాలావరకు చెక్కదిమ్మెలతో అచ్చువేసిన నవలలు, నాటకాల్లోని బొమ్మలు. పీచు తోటను కొల్లగొట్టిన వానరుడు సున్ వూకోంగ్ పాత్రల మీదికి చేరిందీ ఆ దారినే.

1677లో స్థానిక అధికారి ఒకరు పాత్రల అడుగున చక్రవర్తి శకం పేరు రాయవద్దని ఆజ్ఞాపించాడు. పాత్ర పగిలితే పవిత్రమైన పేరు చెత్తలో కలుస్తుందని కారణం. దాంతో పనివాళ్లు ఖాళీగా మిగిలిన చోట లింగ్‌జీ పుట్టగొడుగో, ఆకో గీశారు. ఈనాటి సేకర్తలకు ఆ గుర్తు కాలనిర్ణయంలో ఉపయోగపడుతుంది.

1720ల్లో వచ్చిన గులాబీ రంగు బొమ్మల ఎంపికనే మార్చింది. అతి సూక్ష్మమైన బంగారు రేణువులతో గులాబీ, సీసం, ఆర్సెనిక్ కలిసిన తెలుపుతో పాలరంగు వచ్చాయి. రాజభవనంలోని ఎనామెల్ పనిశాలల్లో యూరప్ మతప్రచారకుల పరిచయానికి ఇందులో పాత్ర ఉంది. తెలుపు కలిపితే ఏ రంగైనా పలచబడుతుంది, ఛాయలు ఒకదానిలోకి ఒకటి జారతాయి. ఊత్సాయ్‌లో పీచు పండు ఎర్రని గుండ్రని మచ్చ. కొత్త ఫెన్‌త్సాయ్ పద్ధతిలో దాని మొన దగ్గర గులాబీ, కిందికి వచ్చేసరికి లేత ఆకుపచ్చ. పండు పండినట్టే కనిపిస్తుంది. మనిషి ముఖానికి చర్మపు రంగు కూడా అప్పుడే వచ్చింది. యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలంలో (1723-1735) పీచు పండ్ల పళ్లేలు ఈ రంగుకు పతాకస్థాయి. కొమ్మ బయట మొదలై అంచు దాటి లోపలికి పాకి పూస్తుంది, కాస్తుంది. ఒక్క అమరుడి బొమ్మ లేకుండానే షీవాంగ్‌మూ తోట మొత్తం అందులో ఉంది. పువ్వులున్న కొమ్మతో, ఎనిమిది పండ్లతో ఉన్న ఆ కాలపు జాడీ ఒకటి 2002లో హాంకాంగ్ వేలంలో 4.15 కోట్ల హాంకాంగ్ డాలర్లు పలికి, తర్వాత షాంఘై మ్యూజియానికి కానుకగా చేరింది.

యోంగ్‌జెంగ్‌కు తావో మందుల మీద నమ్మకం ఉండేది. తావో పూజారి వేషంలో వేయించుకున్న చిత్రమూ ఉంది. కానీ ఆయన పింగాణీలో జియాజింగ్ నాటి ఆత్రం లేదు. ఖాళీ తెలుపు ఎక్కువ, బొమ్మ తక్కువ. ఈ సంయమనం వెనుక 1728లో జింగ్‌దెజెన్ వచ్చిన తాంగ్ యింగ్ (1682-1756) ఉన్నాడు. పని నేర్చుకోవడానికి మూడేళ్లు పనివాళ్లతోనే తిని, వాళ్లతోనే పడుకున్నానని రాసుకున్న అధికారి ఆయన. నాటకకర్త కూడా. 1743లో చియన్‌లాంగ్ చక్రవర్తి కోసం పింగాణీ తయారీని 20 చిత్రాలకు వ్యాఖ్యగా వివరించాడు. బట్టీలో దూకిన తుంగ్ బిన్ గురించి రాసి, అతని కథను ఊరి బయటికి తెచ్చినవాడూ ఆయనే.

చియన్‌లాంగ్ కాలంలో (1736-1795) నిండుదనం తిరిగొచ్చింది. కొండల మధ్య జింకల మందలు నిండిన భారీ జాడీలు, తొమ్మిది పీచుల జాడీలు, పసుపు, గులాబీ నేల మీద అల్లికలు. అమరులు పోయి వాళ్ల వస్తువులు మాత్రమే మిగిలే పద్ధతి కూడా విస్తరించింది. విసనకర్ర, కత్తి, సొరకాయ, తాళాలు, పూలబుట్ట, వేణువు, వెదురు వాద్యం, తామర. వీటిని రిబ్బన్లతో కట్టి వరుసగా వేస్తే చాలు. శంఖచక్రాలు చూడగానే విష్ణువు స్ఫురించినట్టు చైనా చూపరికి ఎనమండుగురూ స్ఫురిస్తారు. బౌద్ధుల ఎనిమిది మంగళ చిహ్నాలను, అంటే చక్రం, శంఖం, గొడుగు, చేపలు మొదలైనవాటిని, ఇదే తీరులో రిబ్బన్లతో కట్టి వేసేవారు. రెంటిలోనూ తామర ఉండటంతో కొత్త సేకర్తలు తరచూ తడబడతారు. కత్తి, వేణువు కనిపిస్తే తావో, శంఖం, చక్రం కనిపిస్తే బౌద్ధం అనుకుంటే చాలావరకు సరిపోతుంది. రెండు వరుసలూ ఒకే పాత్ర మీద పక్కపక్కన ఉండటం కూడా మామూలే. పుట్టినరోజు కానుకకు మతాల హద్దు పట్టింపు లేదు.

గబ్బిలం సంగతి వేరు. తెలుగు ఇళ్లలో అపశకునమైన ఈ జీవి చైనా పాత్రల మీద ఎర్రగా, గుంపులుగా ఎగురుతుంది. చైనా భాషలో దాని పేరు, సౌభాగ్యం అనే మాట ఒకే ధ్వనితో పలుకుతాయి. అయిదు గబ్బిలాలంటే అయిదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, సద్గుణం, సహజ మరణం. జింక పేరు ఉద్యోగపు జీతం అనే మాటతో కలుస్తుంది. అలా అమరుల అడవి జంతువు కొలువు దొరకాలన్న కోరికగా మారింది. గబ్బిలం, జింక, పీచు పండు ఒక చోట ఉంటే భాగ్యం, పదవి, ఆయుష్షు మూడూ కోరినట్టే. దీనికి తావో మందులతో గానీ పూజారులతో గానీ సంబంధం లేదు. చావును జయించాలన్న జియాజింగ్ కోరిక రెండు వందల ఏళ్లలో పెద్దల షష్టిపూర్తికి ఇచ్చే గిన్నె స్థాయికి దిగింది. పింగాణీకి అది లాభమే అయింది. రాజు కోసం చేసే వస్తువు కంటే ఇంటింటికీ చేసే వస్తువుకు బతుకు ఎక్కువ.

యూరప్‌కు ఈ అర్థాలు చేరలేదు. శాక్సనీ పాలకుడు అగస్టస్ (1670-1733) డ్రెస్డెన్‌లో వేలకొద్దీ పాత్రలు పోగుచేస్తే, 1721లో మొదలైన జాబితాలో వాటిని రంగులను బట్టి విడదీశారు. 1862లో ఫ్రెంచి రచయిత జాక్‌మార్ ఆకుపచ్చ కుటుంబం, గులాబీ కుటుంబం అని పెట్టిన పేర్లే ప్రపంచమంతా స్థిరపడ్డాయి. ఎనమండుగురు అమరుల మట్టి బొమ్మలు అక్కడ చలిమంట గూటి మీది అలంకారాలయ్యాయి. హైదరాబాద్‌లో 1951లో తెరుచుకున్న సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ మూడో సాలార్‌జంగ్ సేకరించిన చైనా రంగుల పింగాణీ ఉంది. చూసేవాళ్లు ముందు చేతుల్లోని వస్తువులు వెతికితే బొమ్మల్లో ఎవరెవరో తేలికగా దొరుకుతారు.

1855లో తైపింగ్ తిరుగుబాటులో జింగ్‌దెజెన్ బట్టీలు ధ్వంసమయ్యాయి. మళ్లీ కట్టాక గ్వాంగ్‌షూ కాలంలో (1875-1908) పాత నమూనాలనే తిరిగి చేశారు. కొత్త చూపు లేకపోయినా పుట్టినరోజు సరుకుకు గిరాకీ తగ్గలేదు. 1894లో రాజమాత సిషీ అరవయ్యో పుట్టినరోజుకు పెద్ద ఎత్తున పాత్రలు చేయించారు. 1911 విప్లవంతో రాజ బట్టీల పోషణ ఆగిపోయింది. చిత్రకారులు కొనుగోలుదారులను సొంతంగా వెతుక్కున్నారు. పాత్ర గుండ్రనితనం వదిలి చదునైన పింగాణీ పలకల మీద, గోడకు వేలాడదీసే పటాల్లా అమరులను గీయడం మొదలుపెట్టారు. వాళ్లలో మనుషుల బొమ్మలకు పేరుపడినవాడు వాంగ్ చీ (1884-1937). డెబ్బై చేతుల పని కాకుండా ఒకే చేతి పనిగా, పలక మూలన చిత్రకారుడి సంతకంతో, ముద్రతో అమరులు అమ్ముడయ్యారు.